కట్టిన బొటనవేళ్ళు

శవాన్ని కోస్తారనే మాట వినపడగానే మా వీధిలో మనుషులకు ఎక్కడలేని ప్రేమ పుట్టుకొస్తుంది. బతికున్నన్నాళ్ళు గ్లాసెడు మజ్జిగ పోయని వాళ్ళు కూడా, “అయ్యో, ఆ దేహాన్ని ముక్కలు చేస్తారంట” అని ముక్కు చీదుతారు. ఎవరి కాళ్ళో పట్టుకుని, కోత లేకుండా శవాన్ని ఇంటికి తెచ్చుకునే దారి వెతుకుతారు. ఆ పూట నేను గుర్తొస్తాను. ఈ ముసలిదానికి ఆ సంగతులు తెలుసునని కబురు పెడతారు. వెళ్తాను. వెళ్లి నాలుగు తిట్టి వస్తాను. ఎందుకు తిడుతున్నానో ఒక్కరూ అడగలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

నేను పుట్టింది హిందూపురంలో. మా నాయనది మడకశిర పక్క పల్లె. సేద్యం సరిగా సాగక హిందూపురంలో బెల్లం అంగడి పెట్టుకున్నాడు. మూడో ఫారం, అంటే ఎనిమిదో తరగతి దాకా చదివించి, ధర్మవరం నుంచి కనగానపల్లి పోయే దారిలో ఒక పల్లెకు నన్ను ఇచ్చాడు. యాభైల చివరి సంవత్సరాలు అవి. నా మాటల్లో కన్నడం దొర్లుతుందని అత్తగారింట్లో అందరూ నవ్వేవాళ్ళు. నవ్వనివాడు ఒక్క నా మొగుడే. ఎక్కువ మాట్లాడని మనిషి. పొలం నుంచి వస్తే కాళ్ళు కడుక్కుని, కూతుర్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని సంగటి తినేవాడు.

మా బావ, అంటే మా ఆయన అన్న, వేరే రకం. వేరుపడిన తర్వాత బావి, దాని కింది చేను మా పాలికి వచ్చాయి. అప్పటి నుంచి ఆయన కడుపు మంట చల్లారలేదు. తమ్ముడి పెళ్ళాంతో నేరుగా మాట్లాడకూడదనే మర్యాద మాత్రం తు.చ. తప్పకుండా పాటించేవాడు. నేను ఎదురుగా నిలబడినా, పక్కన ఉన్న గోడకు చెప్పినట్లు చెప్పేవాడు. ఆయన నన్ను హంతకురాలిని చేసింది కూడా ఆ మర్యాద తప్పకుండానే.

అది చెనిక్కాయలు, అంటే వేరుశనగ కాయలు ఒలిచే కాలం. పీకిన చెట్లను కళ్ళంలో వామిగా వేసి ఉన్నారు. పొద్దున మా ఆయన ఒక్కడే వెళ్లి ఆ చెట్ల కట్టె తిరగేసి వచ్చాడు. వాకిట్లో కాళ్ళు కడుక్కుంటూ, ఎడమ కాలి వేలి సందును గడపకు రాసుకున్నాడు.

“కట్టె తిరగేస్తాంటే కాలికి ఏందో గుచ్చుకున్యాది” అన్నాడు.

“ముల్లేమో, చూపించు” అన్నాను.

“ఏం లేదులే, సంగటి పెట్టు.”

పెట్టాను. పిల్లకు తన చేత్తోనే రెండు ముద్దలు పెట్టి, తాను తిన్నాడు. నేను ఇంకా తినలేదు. కాసేపటికి కడుపులో నొప్పి అన్నాడు. తిన్నదంతా కక్కుకున్నాడు. తర్వాత రెప్పలు పైకి లేవడం లేదన్నాడు. నాలుక మందమై మాట ముద్దగా వచ్చింది. నేను అరిస్తే అత్త పరిగెత్తుకొచ్చింది. “అత్తా, కాలికి ఏందో గుచ్చుకున్యాదని చెప్పినాడు, పురుగేమో” అన్నాను. మా వైపు పామును పేరు పెట్టి అనరు, పురుగు అంటారు. అప్పుడు ఆ గదిలో మేమిద్దరమే ఉన్నాం. ఆమె కొడుకు తల ఒళ్ళో పెట్టుకుని నా వైపు చూసింది.

“ముల్లు గుచ్చుకుంటే కక్కుకుంటారా మే? ఏం పెట్టినావు వానికి?”

బండి కట్టేలోపలే ఆయన ఊపిరి ఆగిపోయింది. ఇంకా పొద్దు వాలలేదు.

అప్పుడు జరిగిన పని గురించే నేను ఇప్పటికీ మనుషుల్ని తిట్టేది. ఒకవైపు మా బావ వాకిట్లో నిలబడి, “అడగండప్పా ఆ యమ్మను, సంగట్లో ఏం కలిపిందో” అని వచ్చినవాళ్ళకల్లా చెబుతున్నాడు. ఊరి మునసబు దగ్గరికి మనిషిని కూడా పంపాడు, పోలీసులకు కబురు పెట్టమని. మరోవైపు అదే ఇంట్లో, అదే మనిషి చెప్తే, ఆడవాళ్ళు శవానికి నీళ్ళు పోశారు. కక్కుకున్న పంచె విప్పి చాకలికి వేశారు. నోరు కడిగారు. పాదాలకు పసుపు మందంగా పూశారు. చావు మైల అని పొయ్యి మీది కుండలన్నీ వాకిట బోర్లించారు. నేను విషం కలిపానని చెబుతున్న ఆ సంగటిని వాళ్ళే వీధిలో పారబోశారు. దాన్ని తిన్న నల్ల కుక్క మరుసటి ఏడాది కూడా మా వాకిట్లో పడుకుని వచ్చేపోయేవాళ్ళ మీద మొరిగేది. దాన్ని సాక్ష్యానికి ఎవరూ పిలవలేదు.

చివరికి మా అత్త తెల్లగుడ్డ చించి, కొడుకు రెండు కాళ్ళ బొటనవేళ్ళు దగ్గరికి చేర్చి ముడి వేసింది. మా వైపు అందరూ చేసే పనే అది. అట్లా కట్టకపోతే పోయినవాడు లేచి, తన కాళ్ళతో తానే ఇంటికి నడిచొస్తాడని నమ్మకం. పూడ్చే గుంత దగ్గర తప్ప ఆ ముడి ఎక్కడా విప్పకూడదు. నాలుగు చుట్లు చుట్టి బిగించింది. ముడి సరిగ్గా ఆయన గడపకు రాసుకున్న వేలి సందు మీద పడింది. నేను చూస్తూనే ఉన్నాను. వద్దు అన్నాను కూడా. “మొగుణ్ణి మింగింది, ఇప్పుడు కాళ్ళు కూడా కట్టనీయదంట” అని ఒకామె అంటే మిగిలినవాళ్ళు నన్ను గది బయటికి తోశారు.

మర్నాడు సబ్ ఇన్‌స్పెక్టరు వచ్చాడు. పంచనామా అన్నారు. ఊరి పెద్దలు ఐదుగురు శవాన్ని చూసి, చావు ఎట్లా వచ్చిందని తమకు తోచిందో చెప్పాలి, పోలీసులు దాన్ని రాసుకోవాలి. ఆ ఐదుగుర్నీ మా బావే ఏరి కూర్చోబెట్టాడు. ఒక్కడు కూడా గడప దాటి లోపలికి రాలేదు. శవాన్ని ముట్టుకుంటే మళ్ళీ తలకు పోసుకోవాలి కదా, పొద్దున్నే ఎవరికి ఓపిక! వాకిట్లో నుంచే మెడలు సాచి చూశారు.

“ఏమప్పా, చూసినారా అందరూ?” అన్నాడు ఇన్‌స్పెక్టరు.

“చూస్తిమి సామీ. గోర్లు నల్లగుండాయి. నోట్లో నురగ వచ్చినాది. తిండిలోనే ఏందో ఉండాది.”

నురగ రావడం వాళ్ళలో ఎవరూ చూడలేదు. కడిగిన నోటిని, అదీ వాకిట్లో నుంచి చూశారు. నేను తలుపు చాటు నుంచి బయటికి వచ్చి, “సామీ, కాలు చూడండి. ఏందో గుచ్చుకున్యాదని ఆయన చెప్పినాడు” అన్నాను.

“నిన్ను అడిగినప్పుడు మాట్లాడు” అన్నాడు ఇన్‌స్పెక్టరు.

మా బావ స్తంభానికి చెప్పినట్లు చెప్పాడు: “కట్టు గుంత కాడనే ఇప్పాల సామీ. ముందే ఇప్పితే ఊర్లోకి నడుచుకుంటా వస్తాడు.”

ఇన్‌స్పెక్టరు చదువుకున్నవాడే. ఆయనా ఆ ముడి జోలికి పోలేదు. ఐదుగురూ వేలిముద్రలు, సంతకాలు పెట్టారు. తిండిలో విషం అని అనుమానం, కడుపు పరీక్ష చేయాలి అని రాశారు. పంచనామా అంటే ఏదో తంతు, వాళ్ళ పని వాళ్ళు చేసుకుంటారు అని ఇప్పటికీ ఇళ్ళల్లో వాళ్ళు పక్కకు పోయి ఏడుస్తూ కూర్చుంటారు. ఏడవండి, కానీ అక్కడే కూర్చుని ఏడవండి. డాక్టరు దేన్ని వెతకాలో చెప్పేది ఆ కాగితమే. మీకు తెలిసింది అందులో రాయమని గొంతు చించుకోండి. నేను ఒకసారి అరిచి ఊరుకోవాల్సి వచ్చింది, నా వైపు ఒక్క మనిషి లేకపోవడం వల్ల.

శవాన్ని బండిలో ఆసుపత్రికి తీసుకెళ్ళారు. అది ఏ ఊరి ఆసుపత్రో చెప్పను. ఆ డాక్టరు మనుమలెవరైనా ఉంటే వాళ్ళతో నాకెందుకు తగాదా? పిల్లను చంకనేసుకుని, నేను బండి వెనకే నడిచాను. కబురు అంది, రైలు దిగి నాయన నేరుగా అక్కడికే వచ్చాడు. నన్ను చూసి ఏడ్చాడు. ఏడుపు అయిపోయాక నాయన నోట వచ్చిన మొదటి మాటకు నా ఒళ్ళు మండిపోయింది.

“అమ్మీ, కోయించేదొద్దు. డాక్టరు గడ్డం పట్టుకోనైనా అడుగుతా, కోయకుండా రాసియ్యమని. బిడ్డను తీసుకోని హిందూపురం పోదాం రా. నలుగురిలో పరువు పోకుండా ఉంటాది.”

“కోయకుండా పోతే నేను సచ్చేదాకా మొగుణ్ణి సంపిందే అయితాను నాయనా. నా బిడ్డ ఆ ముండకు పుట్టిన బిడ్డే అయితాది. యా పరువు గురించి చెప్తాండావు నువ్వు?”

 నాయన మంచివాడు. మంచివాళ్ళు చేసే చెరుపు ఇంకా కష్టం, దాన్ని తిట్టడానికి కూడా నోరు రాదు. అయినా తిట్టాను. అనుమానం ఉన్న చావులో కోయొద్దని చెప్పే హక్కు ఇంట్లోవాళ్ళకు లేదన్నది ఆయనకు తెలియదు. కోయకపోతే అనుమానం కూడా శవంతో పాటు గుంతలోకి పోతుందనుకున్నాడు. అది పోదు. ఇంటి గడప మీదే కూర్చుంటుంది.

ఆసుపత్రి వెనక రేకుల కొట్టం ఉంది. డాక్టరు పగటి భోజనం చేసి, పళ్ళు కుట్టుకుంటూ వచ్చాడు. కాగితం చదివాడు. నేను వెళ్లి అడ్డం నిలబడ్డాను. కానిస్టేబులు రెక్క పట్టుకుని లాగితే విదిలించుకున్నాను.

“సామీ, ఎడమ కాలు చూడండి. పొద్దున కట్టెలో ఏందో గుచ్చుకున్యాదన్నాడు. ఆ మాట ఎవరూ రాయలేదు.”

“పోలీసులు కడుపు చూడమని రాశారు, కడుపు చూస్తాను. కాలు చూడమని నువ్వు చెప్తే చూడాలా?”

“చూడాల సామీ. ఆయనతో సంసారం చేసింది నేను, పోలీసోళ్ళు కాదు.”

కొట్టం వాకిలికి అడ్డంగా పిల్లతో సహా కూర్చున్నాను. కాలు చూసేదాకా లేవనన్నాను. డాక్టరు ముఖం ఎర్రబడింది. నా మీద దయతో కాదు, ఎండలో నిలబడలేక, ఆ ముడి విప్పి చూపించు, ఈ గోల వదులుతుంది అని లోపలి పనివాడికి చెప్పాడు. పనివాడు రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. శవాల మధ్య బతికేవాడికి కూడా ఆ ముడి అంటే భయం. కానిస్టేబులు వైపు చూస్తే, అతను వేపచెట్టు వైపు చూశాడు.

పిల్లను నాయనకిచ్చి లేచాను. “నేను ఇప్పుతా” అన్నాను.

లోపల బండ మీద ఆయన పడుకుని ఉన్నాడు. మా అత్త బిగించిన ముడి తడి పసుపుకు నాని, ఎండకు ఎండి గట్టిపడింది. గోళ్ళతో రాలేదు. వంగి పళ్ళతో లాగాను. పసుపు నోట్లో పడింది. ముడి ఊడగానే ఆయన పాదాలు రెండూ రెండు పక్కలకు వాలాయి. నా కొంగు తడిపి, ఎడమ కాలి బొటనవేలి సందులో పసుపు తుడిచాను. పసుపు కింద రెండు చుక్కలు పక్కపక్కనే కనబడ్డాయి, ఆవగింజలంత. వాపు లేదు, పెద్ద గాయం లేదు. కట్లపాము కాటు అట్లానే ఉంటుందని తర్వాత తెలిసింది. కడుపునొప్పి, వాంతి, రెప్పలు వాలడం అన్నీ దాని లక్షణాలే. తిండిలో విషమని అందరూ అనుకునేవి కూడా అవే.

డాక్టరు వంగి చూశాడు. భూతద్దం తెప్పించుకుని మళ్ళీ చూశాడు. నాతో ఒక్క మాట అనలేదు. బయటికి వచ్చి కానిస్టేబులుతో, “మీరు రాసింది తప్పయ్యా, నేను చూడబట్టి సరిపోయింది” అన్నాడు. నేను అక్కడే ఉన్నాను. నా నోట్లో ఇంకా పసుపు ఉంది.

అయినా కోశాడు. కోయాలి కూడా. కాటు కనబడినంత మాత్రాన కడుపులో ఏమీ లేదని తేలినట్లు కాదు. కడుపులోవి కొన్ని సీసాల్లో ఉప్పునీళ్ళలో పెట్టి, మూతులకు లక్క ముద్ర వేసి పట్నానికి పంపారు. ఆ జవాబు వచ్చేదాకా ఏదీ తేలదని చెప్పారు. కోసిన శవాన్ని చూడలేరని, ముక్కలు చేసి మూటకట్టి ఇస్తారని మా నాయనను ఎవరో భయపెట్టారు. ఇప్పటికీ జనం అదే చెప్పుకుంటారు. నేను గుడ్డ తీసి చూశాను. రొమ్ము నుంచి కిందికి కుట్లు ఉన్నాయి, గోనెసంచి కుట్టినట్లు, ఏ మాత్రం ప్రేమ లేకుండా కుట్టారు. ముఖం మాత్రం ఆయన ముఖమే. నా కూతురికి చూపించాను. అది తండ్రి గడ్డం తాకి, నాయన నిద్రపోతాండాడు అంది.

కోసిన శవాన్ని ఊరి పొలిమేర దాటి రానిచ్చేది లేదని మా బావ కబురు పంపాడు. అందుకని బండిని చుట్టూ తిప్పి, మా చేని గట్టు మీదే పూడ్చాము. ఆయన కాళ్ళు మళ్ళీ ఎవరూ కట్టలేదు. నేను కట్టనీయలేదు.

తర్వాత వచ్చిన నెలలు నేను శత్రువుకు కూడా కోరను, మా బావకు తప్ప. పట్నం నుంచి జవాబు రాలేదు. నేను వెళ్తే బావి గిలక దగ్గర ఆడవాళ్ళు కుండలు పక్కకు జరుపుకునేవాళ్ళు. పిల్ల ఎవరింటి వాకిట్లోకైనా వెళ్తే, దాని చేత ఏమీ ముట్టించొద్దు, వాళ్ళమ్మ చేతి గుణం దానికీ ఉంటుంది అనేవాళ్ళు. ఆ సంగటి పిల్ల కూడా తిన్నది కదా, బతికే ఉంది కదా అని నేను అడిగితే, ముందు పిల్లకు పెట్టి తర్వాత కలిపి ఉంటుంది అన్నారు. అబద్ధానికి ఆకలి వేస్తే దాని తిండి అదే వెతుక్కుంటుంది. నాయన హిందూపురం రమ్మని బతిమాలాడు. వెళ్ళలేదు. వెళ్తే చేను దున్నేది మా బావే. హత్య చేసిన ఆడదానికి మొగుడి ఆస్తిలో పాలు రాదని అప్పటికే ఊర్లో చాటించాడు.

జవాబు వచ్చాక పెనుకొండ రెవెన్యూ డివిజన్ ఆఫీసుకు పిలిచారు. నేను, నాయన, మా బావ, మా అత్త వెళ్ళాము. అక్కడి అధికారి కాగితాలు చదివి, కడుపులో ఏ విషమూ లేదు, కాలికి పాము కాటు ఉంది, కేసు లేదు అన్నాడు. అంతే. చదవడానికి ఒక బీడీ కాల్చేంత సేపు పట్టి ఉంటుంది. నేను గోడకు ఆనుకున్నాను.

అప్పుడు మా బావ కుర్చీ కోడుకు చెప్పినట్లు చెప్పాడు: “అట్లయితే సామీ, కాలికి గుచ్చుకున్యాదని ఈ యమ్మకు ముందే తెలుసు. మాకు చెప్పింటే మంత్రమో మందో వేయించి బతికించుకుంటా ఉంటిమి. దాచిపెట్టి సంపింది.”

అధికారి నా వైపు చూశాడు. “చెప్పినాను సామీ” అన్నాను. “మా అత్తకు చెప్పినాను. ఆయమ్మను అడగండి.”

అడిగారు. మా అత్త నేల చూస్తూ,  “నాకేం గ్యాపకం లేదు సామీ” అంది. కేసు ఎట్లాగూ లేదు కాబట్టి అధికారి అందర్నీ పొమ్మన్నాడు. విషం పెట్టిన ఆడదిగా పెనుకొండకు పోయిన నేను, పామును దాచిన ఆడదిగా తిరిగొచ్చాను.

అరవైల్లో కొన్ని ఏళ్ళు గడిచాక మా అత్త మంచం పట్టింది. పెద్దకొడుకు ఇంట్లోనే ఉంది. కబురు వస్తే పోవాలనిపించలేదు. పిల్ల ముఖం చూసి పోయాను. ఆమె అందర్నీ బయటికి పంపించి నా చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి ఎముకలే మిగిలి పుల్లల్లా ఉంది.

“అమ్మీ, నా కాళ్ళు కట్టనీయొద్దు.”

“యెందుకత్తా?”

“ఆ పొద్దు నువ్వు కాలి మాట చెప్పింది నాకు ఇనపడినాది. పెనుకొండలో చెప్పకపోతి. ఉన్నొక్క కొడుకు అబద్ధం బయట పడతాదని భయపడితి. ఇప్పుడు పోయి చిన్నోనికి చెప్పుకోవాల. కట్టేస్తే వాని కాడికి యెట్ల నడిచి పోయేది?”

మీరు అనుకున్నట్లు నాకు జాలి కలగలేదు. కోపం ముంచుకొచ్చింది. చెప్పాల్సింది నాకు, నలుగురి ముందు, పెనుకొండలో ఆ గోడ దగ్గర. చచ్చినవాడికి చెప్పుకుంటే ఎవరికి లాభం? చెయ్యి విడిపించుకుని వచ్చేశాను. మాట మాత్రం ఇచ్చాను. ఎందుకిచ్చానో నాకు తెలుసు, ఆమె కోసం కాదు.

ఆమె పోయిన రోజు ఇల్లు నిండా జనం. నీళ్ళు పోయడం అయిపోయింది. మా బావే తెల్లగుడ్డ చించి పీలిక పట్టుకుని కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. నేను వెళ్లి ఆ పాదాల మీద చెయ్యి పెట్టాను.

“కట్టొద్దు. ఆయమ్మ కట్టొద్దనింది.”

ఇన్నేళ్ళలో మొదటిసారి ఆయన నా ముఖంలోకి చూసి, నాతో నేరుగా మాట్లాడాడు. “నీకేమన్నా పిచ్చా? కట్టకపోతే లేచి నడిచొస్తాది.”

“రానీ బావా” అన్నాను, అందరికీ వినపడేటట్లు. “పెనుకొండలో చెప్పని మాట ఒకటి ఉండాదంట. వచ్చి ఈ నలుగురి ముందర చెప్పనీ.”

గుడ్డపీలిక ఆయన చేతిలోనే ఉండిపోయింది. ఎవరూ దాన్ని అందుకోలేదు. మా అత్త కాళ్ళు విడివిడిగానే గుంతలోకి పోయాయి.